ఆ మాట ఎవరన్నారు

మా అమ్మాయిని బడిలో తమ వీధి మీద వ్యాసం రాయమన్నారు. ఎవరి మాటైనా వాడుకుంటే ఉన్నదున్నట్టు కొటేషన్ల మధ్య పెట్టాలి. ఎవరన్నారో, ఎప్పుడన్నారో కింద రాయాలి. లేకపోతే మార్కులు కోస్తానని టీచర్ ముందే చెప్పింది.

చిలకలగూడలో మా ఇంటికి దగ్గరగానే మెట్రో వంతెన. వ్యాసం మొదట్లోనే అమ్మాయి మా అమ్మ మాట పెట్టింది: “మెట్రో పోయినప్పుడల్ల మన వాకిట్ల ఎండ ఉలిక్కిపడతది.” చదివి వాకిట్లోకి చూస్తూ ఉండిపోయాను. రోజూ చూసేదే, నాకెప్పుడూ తోచలేదు.

“కింద నీ పేరు రాస్తున్న నానమ్మా,” అంది అమ్మాయి.

“నాదెందుకే? మీ తాత అనేటోడు గట్ల.”

“అయితే తాత పేరు చెప్పు.”

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నవ్వింది. భర్త పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. “మీ నాయిన్ని అడుగు.”

పేరు నేను చెప్పాను. “ఎప్పుడన్నడు?” అంది పిల్ల. టైల్స్ దుకాణంలో సొంతంగా నేర్చుకున్న లెక్కలతో బతుకుతున్నవాణ్ణి. సంవత్సరం అడిగితే వేళ్లు వాటంతటవే కదులుతాయి. నాన్న పోయిన ఏడు, మెట్రో స్తంభాలకు గుంతలు తవ్విన ఏడు పక్కపక్కన పెట్టి చూసి, ఆలోచించకుండా అనేశాను.

“నాన్న మెట్రోను చూడనే లేదు కదమ్మా.”

అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ లెక్క మనసులోనే ఉంచుకోవాల్సింది. తనకు తోచిన మంచి మాటలన్నీ ఆయన నోట పెట్టి, ఇన్నేళ్లూ ఆయన్ను ఇంట్లోనే ఉంచుకుంటోందేమో.

“ఉంటే గట్లనే అంటుండె,” అంది మెల్లగా.

అమ్మాయి వెళ్లి ఆమెను ఆనుకుని కూర్చుంది. “ఎవరి నోట వింటే వాళ్ల పేరే రాయాలంట నానమ్మా. నేను నీ నోటనే విన్న. తాతను సుత ఒదిలిపెట్టలే, విను.”

కింద మా అమ్మ పేరు, ఈ ఏడు రాసింది. ఆ తర్వాత ఒక వాక్యం: తాత ఉంటే ఇలాగే అనేవాడని నానమ్మ అంటుంది.

అమ్మ రెండుసార్లు చదివించుకుంది. తన పేరు వచ్చినప్పుడు కొంగు సర్దుకుంది. మళ్లీ ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది.

“ఆ తాత ముక్క కొట్టెయ్ బిడ్డా.”

“ఎందుకు?”

“గింత మంచిగ చెప్పనీకొస్తుండెనా ఆయనకు? ఎండ పోయింది, ఎండొచ్చింది అంటుండె. గంతే.”