డెమోల ప్రవీణ్

అమీర్‌పేటలో ఏ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ మెట్లెక్కి ప్రవీణ్ పేరు చెప్పినా రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వేస్తుంది. అక్కడ కొత్త బ్యాచ్ మొదలైతే తొలి రెండు మూడు రోజుల క్లాసులు ఉచితం. వాటిని డెమో అంటారు. నచ్చితే ఫీజు కట్టాలి, లేదంటే ఓ దండం పెట్టి వెళ్ళిపోవాలి. మన ప్రవీణ్ పెళ్ళికాక ముందు నుంచీ ఆ డెమోలు వింటూనే ఉన్నాడు. జావా అన్నాడు, టెస్టింగ్ అన్నాడు, క్లౌడ్ అన్నాడు, ఇప్పుడేమో ఏఐ అంటున్నాడు. మొదటి బెంచీలో కూర్చుని సార్ల చేత నీళ్ళు నమిలించే ప్రశ్నలు వేస్తాడు. నాలుగో రోజు మాత్రం మనిషి అజాపజా ఉండదు. ఫీజు కట్టిన కోర్సులకూ అదే గతి పట్టింది. అందరూ డెమో అన్నా అని పిలుస్తారు, వాడూ నవ్వుతాడు. లోపల ఎంత కాలుతోందో ఎవరికి కావాలి?

పొట్ట గడవడానికి మెట్రో స్టేషన్ కింద బైక్ టాక్సీ నడుపుతాడు. ఎవరితోనూ అరగంటకు మించి ఉండక్కర్లేదు కాబట్టి ఆ పని వాడికి అచ్చొచ్చింది. ఇంట్లో చూస్తే సగం ఊడదీసిన మిక్సీ, సగం రంగేసిన గోడ, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాలు. వాడి భార్య సుకన్య పంజగుట్టలో ఒక చీరల షాపులో పనిచేస్తుంది. ఆమె ఓర్పుకు నిజంగా చేతులెత్తి మొక్కాలి.

ఇప్పుడు ఇంటిమీదికి వచ్చింది వాడి గొడవ కాదు, కూతురు తేజది. నాలుగో తరగతి పిల్ల. బడిలో కుర్చీలో నిలవదు. టీచరు ప్రశ్న అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తుంది. లెక్క సగంలో వదిలేసి కిటికీలో పావురాలను చూస్తుంది. టీచరు మంచి మనిషి కాబట్టి తిట్టకుండా, ఒకసారి పిల్లల మానసిక వైద్యులకు చూపించమంది. ఆ మాట వినగానే ప్రవీణ్ తండ్రి రాజనర్సయ్య ఒంటికాలి మీద లేచాడు. పిల్లకేమన్నా పిచ్చా, భయం లేక అట్లా తయారైందన్నాడు. చిన్నప్పుడు ప్రవీణ్‌ను తోలిన హాస్టల్లోనే వేద్దామన్నాడు. అప్పటి వార్డెనే ఇప్పుడు దాని యజమాని. సోమవారం పిల్లను తెస్తానని ఆయనకు మాట కూడా ఇచ్చేశాడు.

ఆ హాస్టల్ పేరు ప్రవీణ్ ఇప్పటికీ నోటితో పలకడు. క్లాసులో కదులుతున్నాడని వాడి కాలిని బెంచీకి తాడుతో కట్టేసిన చోటది. సెలవులకు ఇంటికొస్తే తండ్రి బెల్టు ఉండనే ఉండేది. తన పిల్ల అక్కడికి పోవడమా అని నిద్రపట్టడం లేదు, అయినా తండ్రి ఎదుట నోరు పెగల్లేదు. ఏ పనీ కడదాకా చెయ్యనివాడి మాట ఇంట్లో చెల్లుతుందా? చివరికి సుకన్యే పంజగుట్టలో డాక్టర్ అరుణాదేవి దగ్గర శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆమెకు సెలవు దొరకలేదు. పదకొండుకల్లా పిల్లను తీసుకుపొమ్మని, దారిలో ఎక్కడా ఆగొద్దని మొగుడి గడ్డం పట్టుకుని బతిమాలింది.

ఆగకుండా పోతే వాడు ప్రవీణ్ ఎందుకవుతాడు? అమీర్‌పేటలో ఈ రోజే డెమో అని కొత్త బ్యానర్ కనపడింది. పది నిమిషాలేగా అనుకున్నాడు. తేజను వెనక బెంచీలో కూర్చోబెట్టి తను ముందుకు పోయాడు. సారు బోర్డు మీద గీస్తుంటే లోకం మరిచిపోయాడు. తిరిగి చూస్తే వెనక బెంచీ ఖాళీ.

పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లు దిగి జిరాక్స్ షాపులో అడిగాడు, మిర్చి బండి దగ్గర అడిగాడు, హాస్టళ్ళ కరపత్రాలు పంచేవాళ్ళను పట్టుకుని అడిగాడు. ఎవరూ చూడలేదన్నారు. ఆ జనంలో పెద్దవాళ్ళే తప్పిపోతారు, పిల్ల ఎంత? మళ్ళీ పైకి పరిగెత్తి ఒక్కో తలుపూ తోసుకుంటూ పోయాడు. పై అంతస్తులో ఇంకో సెంటర్ వాళ్ళ డెమో నడుస్తోంది. మొదటి బెంచీలో తేజ చెయ్యెత్తి సారును ఏదో అడుగుతోంది, గదంతా నవ్వుతోంది.

కొడదామని లేపిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ ఊగే కాలు, సారు మాట ముగియకముందే లేచే ఆ చెయ్యి, అన్నీ తనవే. పిల్ల ఎంత ముద్దొచ్చిందో అంత భయమూ వేసింది. ఎత్తుకుని బండి మీద కూర్చోబెట్టి తిన్నగా పంజగుట్ట పోయాడు.

ఆలస్యమైనా డాక్టరమ్మ విసుక్కోలేదు. కాసేపు తేజను ఆడించి మాట్లాడించి, తర్వాత తండ్రిని అడగడం మొదలుపెట్టింది. వస్తువులు పోగొడుతుందా, మొదలెట్టిన పని వదిలేస్తుందా, తన వంతు వచ్చేదాకా ఆగగలదా అని. ప్రవీణ్ గడగడా చెప్పుకుపోయాడు. బండి తాళాలు ఎక్కడ పెడతామో గుర్తుండదన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగితే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుందన్నాడు. ఎంత ఇష్టపడి చేరినా నాలుగో రోజుకి మనసు విరిగిపోతుందన్నాడు. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ప్రవీణ్ గారూ, మీరు చెబుతున్నది పాప గురించా, మీ గురించా?"

 ఆమె నిదానంగా విడమరిచి చెప్పింది. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారట. ధ్యాసను ఒకచోట నిలపడం, ఒంటినీ మనసునూ ఆపుకోవడం ఆ మెదడుకు కష్టమవుతుందట. పొగరనో బద్ధకమనో దెబ్బలు వేస్తే పోయేది కాదంది. తేజకు ఉందో లేదో ఒక్క పూటలో తేల్చలేనని, బడివాళ్ళనూ అడగాలని, నిద్ర, చూపు, వినికిడి కూడా చూడాలని చెప్పింది. ఉందని తేలితే చికిత్స ఉంది, టీచర్లు కాస్త సాయపడితే పిల్ల చక్కగా నిలదొక్కుకుంటుంది. ఇది కుటుంబాల్లో రావడం మామూలేనట, పెద్దయ్యాక కూడా చాలామందిని వదలదట. ప్రవీణ్‌నూ పరీక్షించాలంటే చిన్నప్పుడు వాణ్ణి పెంచినవాళ్ళు వస్తే మంచిదంది. తల్లి లేదు. ఉన్నది రాజనర్సయ్య ఒక్కడే.

ఇంటికొచ్చేసరికి ఆయన తేజ బట్టలు పెట్టెలో సర్దుతున్నాడు. ప్రవీణ్ నిలబడే అంతా చెప్పాడు. మధ్యలో మాట ఎటో పోయింది, మళ్ళీ పట్టుకున్నాడు. డెమోలో పిల్ల తప్పిపోయిన సంగతి కూడా దాచలేదు. ముసలాయన సర్దుతూనే విన్నాడు.

"పొల్ల హాస్టల్‌కు పోదు నాయనా. నువ్వు సుత నాతోని దవాఖానకు రావాలె. చిన్నప్పుడు నేనెట్లుంటినో నువ్వే చెప్పాలె."

రాజనర్సయ్య చేతులు ఆగాయి. తలెత్తకుండానే అడిగాడు.

"గట్లయితే నిన్ను ఊకెనే కొట్టిననా, బిడ్డా?"

 ప్రవీణ్‌కు తండ్రి మీద జాలేసింది. లేదులే నాయనా అని అందామనుకున్నాడు. కానీ పక్కన తేజ నిలబడి వింటోంది.

"అవు నాయనా. ఊకెనే కొట్టినవ్."

 ముసలాయన ఫోన్ తీసి హాస్టల్ యజమానికి చేశాడు. పిల్లను తేవడం లేదన్నాడు. ఎందుకని అవతల అడిగినట్టున్నారు. ఆయన కొడుకు మొహంలోకి చూశాడు.

"మా పిలగాన్ని నీ దగ్గరికి తోలి తప్పు జేసిన. మల్ల చెయ్య."