శుక్రవారం అప్పగింతలు

మా తాతయ్య ఒళ్లో ఉచ్చ పోసిన పిల్లలంతా ఒక్కరోజు కట్టగట్టుకుని వచ్చి మళ్లీ పోస్తే, ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినా చాలవు. ఆటోనగర్‌లో మా లారీ స్పేర్ పార్ట్‌ల కొట్టుకు వచ్చేవాళ్లందరికీ ఈ మాట చెబుతుంటాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

ఆయన పేరు అచ్యుతరామారావు. పిల్లల డాక్టరు. విజయవాడకు దగ్గర్లో ఒక మెడికల్ కాలేజీలో పీజీలకు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక పిల్లల వైద్యం నేర్చుకునే కుర్ర డాక్టర్లకు, పాఠాలు చెబుతారు. అంతమందిని డాక్టర్లను చేశారు గానీ నన్ను మాత్రం ఇంటర్ దాటించలేకపోయారు. భవానీపురంలో మా ఇంట్లో ఈ సంగతి ఎత్తితే చాలు, పేపరు అడ్డం పెట్టుకుంటారు.

కాలేజీ ఆసుపత్రి ఓపీలో ఆయనకు నచ్చనిది ఒకటుండేది. వచ్చిన పిల్లను ఈ వారం ఒక పీజీ చూస్తే వచ్చే వారం ఇంకో పీజీ చూస్తాడు. తల్లి ప్రతిసారీ కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి. తాము మందు రాసిన పిల్ల తర్వాత ఏమైందో పీజీలకూ తెలియదు.

"సినిమా మధ్యలో కాసేపు చూసి కథ చెప్పమంటే ఎట్లారా?" అనేవారు నాతో.

"నేను చెప్తాను తాతయ్యా. అన్నీ ఒకటే కథలు."

"అందుకే ఇంటర్ తప్పావు."

చివరికి శుక్రవారం ఓపీని మార్చారు. ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన పిల్లలను, ఒక్కో పీజీకి చదువులో చేరిన రోజునే కొందరిని ఇచ్చేవారు. చదువు అయ్యేదాకా వాళ్లను ఆ పీజీయే చూడాలి. వెళ్లిపోయే ముందు కొత్తగా వచ్చిన పీజీని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లోవాళ్ల ఎదుట, పిల్ల చేతిని ఆ కొత్త డాక్టరు చేతిలో పెట్టాలి. కాగితంలో లేని సంగతులన్నీ అప్పుడే చెప్పాలి. దీనికి ఆయన పెట్టిన పేరు అప్పగింతలు.

పీజీలు నవ్వుకునేవారు. "పాలగిన్నె ఏది సార్?" అని ఒకతను అడిగాడట. నేనూ ఊరుకోలేదు. ఒకసారి తాతయ్యను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి, సన్నాయి పాట ఫోన్లో పెట్టుకుని ఓపీలోకి వెళ్లాను. తాతయ్య అందరి ముందూ చెవి మెలిపెట్టారు. పిల్లలు మాత్రం తెగ నవ్వారు.

ఆ పిల్లల్లో శ్రీదుర్గ ఒకతె. కూచిపూడి అవతల ఊరు. ఎనిమిదేళ్లకే షుగరు వచ్చింది, రోజూ ఇన్సులిన్ సూదులు. సంయుక్త అనే పీజీకి ఆ పిల్లను ఇచ్చారు. శ్రీదుర్గ తల్లి పొద్దున్నే పనికి పోతుంది కాబట్టి ఇంట్లో సూది వేసేది నాయనమ్మ రావమ్మ. బస్సెక్కితే వాంతులని రావమ్మ ఆసుపత్రికి రాదు. అందుకని సంయుక్త ప్రతి శుక్రవారం ఆమెకు ఫోన్ చేసేది. స్పీకర్లో పెట్టేది కాబట్టి వాళ్లిద్దరి మాటలూ వరండాలో ఉన్న నాకు వినిపించేవి.

"మామ్మగారూ, జ్వరమొచ్చినా, అన్నం తినకపోయినా సూది మాత్రం మానొద్దు. నాకు ఫోన్ చెయ్యండి."

"నువ్వు చెప్పాక తప్పుద్దా అమ్మా! ఇంతకీ నీ పెళ్లెప్పుడు?"

"మీ మనవరాలి షుగరు కుదురుకున్నాక."

"అయితే ముసల్దానివై పోతావు పో."

సంయుక్త చదువు చివరికొచ్చింది. పరీక్షలకని సెలవు పెట్టింది. ఆ శుక్రవారం శ్రీదుర్గ అప్పగింత జరగలేదు. కొత్త పీజీ జయకృష్ణకు ఫోన్లో వివరంగా మెసేజీ పెట్టింది. ఎంత మందు, ఎప్పుడెప్పుడు, అన్నీ ఉన్నాయి. ఇంట్లో సూది వేసేది నాయనమ్మ అన్నది మాత్రం లేదు. జయకృష్ణ మంచివాడు. జ్వరమొస్తే సూది మానొద్దని అతనూ చెప్పాడు, శ్రీదుర్గ తల్లికి. ఆమె తలూపింది.

వానాకాలంలో పిల్లకు జ్వరమొచ్చింది. వాంతులు. ముద్ద దిగలేదు. తల్లి పనిలో ఉంది. తిండి తినని పిల్లకు సూదెందుకని రావమ్మ మానేసింది. సంయుక్తకు ఫోన్ చేద్దామనుకుందట, చదువైపోయి వెళ్లిపోయిందిగా అని ఊరుకుంది. ఆయాసం మొదలయ్యాక బండి మాట్లాడుకుని బయల్దేరారు. వుయ్యూరు దాటాక పిల్ల పలకలేదు.

నేనే కారు నడిపి తాతయ్యను ఆ ఊరు తీసుకెళ్లాను. రావమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"ఆ అమ్మాయి ఉన్నప్పుడు నాతో మాట్లాడేది బాబూ. తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు" అంది.

తాతయ్య ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నారు.

మేం లేచేటప్పుడు రావమ్మ అడిగింది: "ఆ మందు సీసా ఇంకా ఫ్రిజ్ తలుపులోనే ఉంది. పారేయమంటారా?"

నేనే లోపలికి వెళ్లి తెచ్చాను. చల్లగా ఉంది. దారి పొడుగునా తాతయ్య దాన్ని గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నారు.

సంయుక్త ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "తప్పు నీది కాదమ్మా" అన్నారు తాతయ్య. జయకృష్ణ సీటు వదిలేసి పోతానన్నాడు. అతన్ని పోనివ్వకుండా ప్రతి శుక్రవారం తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

ఇప్పుడు పద్ధతి మారింది. ఇంట్లో మందు ఇచ్చే మనిషి ఎదురుగా ఉంటేనే అప్పగింత. ఆ మనిషి రాలేకపోతే పాత పీజీ, కొత్త పీజీ కలిసి వాళ్లింటికి వెళ్లాలి. అప్పగింత అయ్యేదాకా ఎవరికీ సెలవు లేదు, పరీక్షలున్నా సరే. కాలేజీవాళ్లు గొణిగారు. తాతయ్య వినలేదు. కారు నాదే, డ్రైవర్నీ నేనే. ఇప్పుడు సన్నాయి పెట్టడం లేదు.

ఇంతవరకు రాసినదంతా నిన్న ఆయనకు చదివి వినిపించాను. మొదట్లో బ్యారేజీ మాట దగ్గర నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చివరిదాకా విని కళ్లజోడు తీశారు.

"పరీక్షలకని సంయుక్త సెలవు పెట్టిందా?"

"అవును కదా తాతయ్యా."

"అప్పగింత చేసే వెళ్తానంది. నేనే వద్దన్నాను. పోయి చదువుకో, వచ్చే వారం నేను చూసుకుంటానన్నాను. చూసుకోలేదు."

"అదంతా ఎందుకు తాతయ్యా? చదివినవాళ్లు నిన్నేమనుకుంటారు?"

"అనుకోనీరా. ఆ బ్యారేజీ గేట్ల మాట కొట్టేసి, ఇది రాయి."