మా ఆయన హెల్మెట్ తీసేసిన తర్వాత

ఆ ఆదివారం సాక్చి వైపు మైదానంలో ఆట ముగించుకుని ఆటోలో ఇంటికి వస్తున్నాం. కాస్త దూరం వచ్చాక మా ఆయన కిరణ్ నా వైపు తిరిగి, "సునీతా, ఎక్కడికెల్తన్నాం?" అన్నారు. ఇంటికని చెప్పాను. మళ్లీ అదే అడిగారు. వేళాకోళం అనుకున్నాను. ఇంకోసారి అడిగినప్పుడు మొహంలోకి చూశాను. నిజంగానే తెలియక అడుగుతున్నారు.

ఆయన ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్. మా జంషెడ్‌పూర్‌లో ఫుట్‌బాల్ అంటే తెలియని వీధి లేదు గానీ, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఈ ఆట గురించి చెబితే ఇప్పటికీ నవ్వుతారు. కాలేజీలో కబడ్డీ ఆడుతున్న మనిషిని ఒక సీనియర్ భుజాలు చూసి ఇందులోకి లాగాడట. ఆయన లైన్‌బ్యాకర్. బంతితో దూసుకొచ్చేవాడికి ఎదురెళ్లి పడగొట్టడమే పని. గమ్హరియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూనే రాష్ట్ర జట్టు దాకా వెళ్లారు. ఆ ఏడాది జాతీయ జట్టు సెలక్షన్‌కి పిలుపు కూడా వచ్చింది.

ఆ రోజు ఆటలో ఎదుటివాడి మోకాలు ఆయన హెల్మెట్‌కి గట్టిగా తగిలింది. పడ్డారు, లేచారు, ఏం కాలేదన్నట్టు చెయ్యూపి చివరిదాకా ఆడారు. తీరా ఇంటి గుమ్మంలో వాంతి చేసుకున్నారు.

"ఏటయిందిరా బాబూ, అలా సూత్తన్నావేటి?" అంటూ మా అత్తగారు చెంగుతో మూతి తుడిచారు.

"కుఛ్ నహీ అమ్మా, బాగానే ఉన్నా."

అదే ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాం. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. నేను తేలిక పడేలోపే న్యూరాలజిస్ట్ మేడమ్ చెప్పారు: "లోపల బ్లీడింగ్ లేదు, అంతవరకే. ఇది కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం. స్కాన్‌లో కనబడదు. ఇంట్లో మీరు గమనించిందే నాకు రిపోర్ట్."

మొదట పూర్తి రెస్ట్, తర్వాత కొద్దికొద్దిగా నడక. ఫోన్ లేదు, టీవీ లేదు. వెలుతురు పడితే కళ్లు మూసుకునేవారు. కుక్కర్ కూతకి తల పట్టుకున్నారని అత్తగారు ఆ పూట నుంచే అన్నం గిన్నెలో వండి వార్చడం మొదలుపెట్టారు. పని చేసేటప్పుడు గాజులు కూడా తీసి పక్కన పెట్టేసేవారు. అంత పెద్ద మనిషి స్నానానికి వెళ్లాలన్నా నా భుజం పట్టుకునేవారు.

కాస్త తేరుకున్నాక, కూరగాయలకని చెప్పి ప్రాక్టీసుకి వెళ్లిపోయారు. పరిగెత్తడం వరకేనట. తిరిగొచ్చి గేటు పట్టుకుని నిలబడిపోయారు. తలనొప్పి మొదటికన్నా ఎక్కువైంది. ఫ్యాక్టరీ డ్యూటీలో చేరినా మెషీన్ డ్రాయింగ్‌లో గీతలు అలికినట్టు కనిపిస్తున్నాయని మధ్యలోనే వచ్చేశారు.

మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్తే మేడమ్ ఈసారి మెల్లగా అడిగారు: "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా దెబ్బ తగిలిందా?"

ఆయన నేల చూస్తూ, "కళ్లు బైర్లు కమ్మడం అప్పుడప్పుడూ ఉండేది. చెప్తే కూర్చోబెట్టేస్తారని ఎవరికీ చెప్పలేదు" అన్నారు.

"మీరు కోలుకుంటారు కిరణ్. కానీ గుద్ది పడగొట్టే ఆ ట్యాక్లింగ్‌కి మాత్రం నేను ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వను. ఇంకెప్పుడూ."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక ఏడ్చారు. "నాకింకేటి వచ్చు సునీతా?" అన్నారు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం వాళ్ల జట్టుకి ఆట ఉంది. ఆయన ఆ ఎండలో, ఆ కేకల్లో కూర్చోలేరు. వీడియో చూడకూడదు. నేను వెళ్లి చూసొచ్చి చెప్తానన్నాను. కర్టెన్లు వేసిన గదిలో ఆయన పక్కన కూర్చుని చూసిందంతా చెప్పాను.

"ఒకాయన బంతి పట్టుకుని పరిగెత్తాడండీ. పడిపోయాడు. అందరూ వెళ్లి ఆయన మీద పడిపోయారు."

"పడగొట్టిందెవరు?"

"నీలం చొక్కా."

"మనోళ్లందరిదీ నీలమే!"

నవ్వారు. తల పట్టుకుని మరీ నవ్వారు. వంటింట్లోంచి అత్తగారు పరుగున వచ్చి, మా ఇద్దరినీ చూసి, గుమ్మంలోనే కూలబడి తనూ నవ్వారు. ఆ సీజనంతా ప్రతి ఆటకీ వెళ్లాను. నాకు అర్థం కానిది ఆయన పప్పు గింజల్ని ఆటగాళ్లలా వరసగా పేర్చి చూపించి నేర్పేవారు. అలా నేర్పుతూనే తేరుకున్నారు.

ఇప్పుడు ఆయన పూర్తి డ్యూటీ చేస్తున్నారు. సాయంత్రాలు ఆదిత్యపూర్‌లో ఆడపిల్లలకి ఫ్లాగ్ ఫుట్‌బాల్ నేర్పుతున్నారు. అందులో గుద్దుకోవడం ఉండదు, నడుముకి కట్టిన రిబ్బను లాగితే చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో తలనొప్పి ఇప్పటికీ వస్తుంది. పెద్ద ఆటలు జరిగే రోజుల్లో మాట తగ్గుతుంది. అలాంటప్పుడు నేను కదిలించను.

మీ ఇంట్లో ఏ ఆట ఆడేవాళ్లున్నా ఒక్కటి చేయండి. తలకి దెబ్బ తగిలితే, స్పృహ తప్పకపోయినా సరే, ఆ రోజుకి ఆట ఆపించి డాక్టరుకి చూపించండి. బాగానే ఉన్నానంటారు, మీ మీద కోప్పడతారు. పడనివ్వండి. కోపం నాలుగు రోజులకి పోతుంది.