మూడో చుట్టులో ఆగిన చెయ్యి

కైతూ ఎవరని అడిగితే మా దీవిలో పిల్లలు కూడా ముందు పాటే అందుకుంటారు.

"నిద్రపో కైతూ, నిద్రపో,
తాబేలు పుట్టింటికి పోయిందిలే, నిద్రపో."

నలభై ఏళ్ళుగా పాడుతున్నాం. తల్లులు పసివాళ్ళను దీంతోనే పడుకోబెడతారు. బడి పిల్లలు పొరుగు దీవికి ఆటలకు వెళితే పడవ దిగకముందే ఇది మొదలుపెడతారు. కానీ ఆ తాబేలు పోయిన రోజు నిద్రపోయింది కైతూ కాదు, నేను. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. కాబట్టి నా మీద మంచి అభిప్రాయం ఏదైనా ఉంటే ఇక్కడే పక్కన పెట్టి చదవండి.

అప్పటికి మాకిద్దరికీ ఇరవై రెండేళ్ళు. కొత్త పాస్టరు గారు వస్తున్నారు, విందుకు తాబేలు కావాలన్నారు పెద్దలు. కైతూని పంపారు, ఎందుకంటే వాడికి సముద్రం కొట్టిన పిండి. వాడు నన్ను వెంటేసుకున్నాడు. తెల్లవారేసరికే పట్టాం. ఎండెక్కాక మనుషుల్లేని చిన్న దిబ్బ ఒకటి కనిపిస్తే అక్కడ ఆగాం. తాబేలును ఇసకలో వెల్లకిలా తిప్పి, రెక్కకు తాడు కట్టి, ఆ తాడు కొస నా మణికట్టుకు చుట్టాడు కైతూ.

"నేను బొండాలు దింపుకొస్తా. పోటు వస్తే దీన్ని పైకి లాగు లుతేలూ. అంతే నీ పని."

నిజంగా అంతే పని. నీడ బాగుంది, గాలి బాగుంది. తాడు చేతికి ఒరుసుకుంటోందని విప్పి పక్కన పెట్టాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నడుం దాకా నీళ్ళలో ఉన్నాను. తాబేలు లేదు. కైతూ నాలుగు బొండాలతో వచ్చాడు. నన్నూ నీళ్ళనూ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పుట్టింటికి పోయిందిరా! వెళ్ళొస్తానని ఒక్క మాటైనా చెప్పలేదూ నీకు?"

ఒడ్డుకు చేరాక అందరూ చుట్టుముట్టారు. ఎవరు వదిలారని అడిగితే "నీళ్ళు వదిలాయి" అన్నాడు. నేను వాడి పక్కనే నిలబడి ఉన్నాను. ఇంటికి వెళ్ళి నా భార్యతో మాత్రం, నిద్ర పట్టి తాబేలు పోయిందని నసిగాను. ఎవరి నిద్రో చెప్పలేదు. కైతూ వేసిన పుట్టింటి హాస్యం మాత్రం భలేగా చెప్పాను.

మా ఊరు రెండు వైపులుగా ఉంటుంది. మనేయాపాలో, అంటే ఊరంతా కూర్చునే శాలలో, ఒక వైపు వాళ్ళు పాడి ఆడితే రెండో వైపు వాళ్ళు బదులివ్వాలి. తాబేలు లేని విందు దొరికితే అవతలి వైపు ఊరుకుంటుందా? మా వైపు పాటలు కట్టేది నా చెల్లెలు సికేలా. వాళ్ళు ఎగతాళి చేసేలోపు మనమే చేసేసుకుంటే సగం విషం దిగిపోతుందని దాని లెక్క.

అయితే మాలో అన్న ఎదుట చెల్లెలు పరాచికాలాడదు. అన్న ఉన్నచోట ఎవరైనా మోటుమాట అంటేనే లేచి వెళ్ళిపోతుంది. ఇక అన్న పేరు పెట్టి నవ్వులాట పాట కట్టడమా? చాప తెరకు అవతల అది నా భార్యతో అంటుంటే విన్నాను.

"ఎవరు పడుకున్నారో నేనడగను వదినా. అన్నే అయితే నాకసలు చెప్పకు."

"మరి ఎవరి పేరు పెడతావే?"

"ఉన్నది ఇద్దరే కదా. ఒకరి పేరు నా నోట రాదాయె. ఒక్క పూట పాటకి కైతూ ఏమనుకుంటాడులే, వాడు నవ్వులమనిషి."

నేను కనీసం దగ్గనైనా లేదు. దగ్గితే చాలు, దానికి అర్థమైపోయేది. చెల్లెలి మర్యాద కాపాడానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాపాడుకున్నది నా పరువు.

మర్నాడు మధ్యాహ్నం సాధన. మగవాళ్ళం చాపల మీద పెట్టె చుట్టూ కూర్చున్నాం. అరచేతులతో కొట్టే ఆ చెక్కపెట్టె ముందు ఎప్పుడూ కైతూయే. మా పాట ఒక్కటే పల్లవి, దాన్నే మళ్ళీ మళ్ళీ అంటాం. మొదటి చుట్టు నెమ్మదిగా, రెండోది కాస్త వేగంగా, చివరికి చేతులు కనబడనంత జోరుగా. సికేలా పాట అందుకుంది. తన పేరు వినగానే కైతూ తలెత్తి నా వైపు చూశాడు. కొట్టడం మాత్రం ఆపలేదు. మూడో చుట్టు చివర, ఆఖరి "నిద్రపో" ముందు, చెయ్యి గాలిలో ఆపాడు. ఒక్క ఊపిరి సేపు. వరస మొత్తం ముందుకు వంగింది. చెయ్యి దభీమని పడింది, అందరం ఒక్కసారిగా "నిద్రపో!" అన్నాం. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. విందు రోజు మనేయాపా కప్పు లేచిపోతుందేమో అనిపించింది. వారం తిరక్కుండా అవతలి వైపు వాళ్ళు కూడా అదే పాడుతున్నారు.

పాట ఒక్క పూటతో పోలేదు. తెల్లవారి పడవలు వేటకు కదిలేటప్పుడు "కైతూని ఎక్కిస్తే ఇంట్లో పరుపు కూడా ఎక్కించాలి" అనేవాళ్ళు. హాస్యమే. కానీ వాడు ఒడ్డుకు వచ్చేసరికి ప్రతి పడవలోనూ చోటు నిండిపోయి ఉండేది. తాబేలు వేటకు నన్ను పెద్దని చేశారు. నా పడవలో అయినా వాడికి చోటు ఉంచవచ్చు కదా. ఉంచలేదు. వాడు ఎదురుగా కూర్చుంటే ఆ తాడు గుర్తొస్తుంది నాకు. కైతూ పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్లెక్కి కల్లు దింపుకుంటూ బతికాడు. చెట్టు మీది నుంచి సముద్రం బాగా కనబడుతుందనేవాడు. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒకసారి రాజధాని నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, పాటలు రికార్డు చేసుకోవడానికి. ఇన్ని పాటలుండగా ఇదే ఎందుకింత ఇష్టమని అందరినీ అడిగింది. రాగం అన్నాడొకాయన. నీతి ఉందన్నారు పాస్టరు గారు. "మా ఆయన కూడా అచ్చం అంతే కాబట్టి" అంది ఒకావిడ. కైతూని అడిగితే, "పాట బాగుంది. ఏం చేస్తాం?" అన్నాడు.

నన్నడిగితే తెలియదన్నాను. తెలుసు. పెద్దవాళ్ళు, పసివాళ్ళు, అందరూ ఎదురుచూసేది మూడో చుట్టులో చెయ్యి ఆగే ఆ ఒక్క క్షణం కోసమే. వాడు ఆపకపోతే అది పది పాటల్లో ఒక పాట. నా పేరుతో కూడా లోలోపల పాడి చూశాను. నిద్రపో లుతేలూ, నిద్రపో. తాళం ఎక్కడా తప్పలేదు.

సికేలా పోయి పదేళ్ళయింది. పోయిన ఏడు కైతూకి చక్కెర జబ్బు ముదిరింది. కాలు నల్లబడింది, చేతులు వాచాయి. ఓడలో పెద్దాసుపత్రికి పంపాలన్నారు. బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం మనేయాపాలో వీడ్కోలు భోజనం పెట్టారు. కైతూని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. వాడి అల్లుడు ఫలేసా పెట్టె ముందుకు జరిగాడు. పాట మొదలవుతుందనగా నేను లేచాను.

"ఆ రోజు పడుకున్నది కైతూ కాదు. నేను. తాడు నా చేతిలో ఉంది, నేనే విప్పాను."

ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

"చూశారా! వెళ్ళేవాడి సిగ్గు తన నెత్తినేసుకున్నాడు. స్నేహమంటే అదీ!"

మా వాళ్ళు మెచ్చితే పౌడరు చల్లుతారు. నా మెడనిండా చల్లారు. "కాదర్రా, నిజంగానే!" అన్నాను. మళ్ళీ చల్లారు. ఎవరో పూలదండ కూడా వేశారు. ఫలేసా పెట్టె మీద చెయ్యి వేశాడు, అందరూ పాడారు. కైతూ మాత్రం నన్నే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న ఓడ దగ్గరికి తీసుకెళ్ళే చిన్న పడవ కోసం ఒడ్డున చాప మీద ఎదురుచూస్తున్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఇంకా పౌడరు వాసనొస్తున్నావురా" అన్నాడు.

"నవ్వకు. ఎందుకురా నువ్వు ఒక్కసారైనా చెప్పలేదు?"

"నేను చెబితే పితూరీ అవుతుంది. నువ్వు చెప్పాల్సింది." వాచిన చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు. "సాధన రోజు పేరు వినగానే నీ వంక చూశా. ఎదురుగానే ఉన్నావ్. రెండు చుట్లు చూశా. మూడో చుట్టులో, ఇప్పుడంటాడేమో 'నేనే' అని, చెయ్యి ఆపా. ఒక్క మాట పట్టేంత సేపు. నువ్వు పాడావు."

"ఆ తర్వాత కూడా ఆపావు కదా" అన్నాను.

"ప్రతిసారీ ఆపా. ప్రతిసారీ నువ్వు పాడావు. జనానికేమో అదే నచ్చింది!" అని నవ్వాడు. ఆ దిబ్బ మీద నవ్విన నవ్వే. "నిన్న చెప్పావు, సరే. ఏం లాభం, నిన్న పెట్టె మీద నా చెయ్యి లేదుగా."

పడవ వచ్చింది. నలుగురం ఎత్తి ఎక్కించాం. నలభై ఏళ్ళలో వాణ్ణి నేను పడవ ఎక్కించడం అదే మొదలు. మూడు వారాలకు రేడియోలో, పోయినవాళ్ళ పేర్లలో, వాడి పేరు చదివారు.

ఇప్పుడు పెట్టె ఫలేసా కొడుతున్నాడు. మూడో చుట్టులో చెయ్యి ఆపుతాడు, మామయ్య అలాగే కొట్టేవాడు కనుక. మనేయాపా అంతా ముందుకు వంగుతుంది. ఆ ఊపిరి సేపు ఎవరికోసం వదిలిందో నాకు తెలుసు కాబట్టి నోరు తెరుస్తాను. ఈలోపు చెయ్యి పడుతుంది, అందరితో పాటు నేనూ పాడతాను.