తుమ్మితే ఒక మేక మాయం

ఈడితమ్మ దొరసాని ఆటలో తొండి చేసేది. ఈ మాట ముందే చెప్పుకోవడం మేలు, ఎందుకంటే గుండ్లపల్లిలో ఆమె గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఇదే. ఆమె కెనడా నుంచి ఓడెక్కి వచ్చిందనీ, పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతుందనీ, శనివారం శనివారం పిల్లల క్లబ్బు పెట్టి యేసు కథలు చెబుతుందనీ ఆ తర్వాత తీరిగ్గా చెప్పేవారు. "మంచి మనిషే. గని చేతులు జర కనిపెట్టుకుంట ఉండాలె," అని ముగించేవారు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆమె కోస్గి నుంచి సైకిలు మీద వచ్చేది. నెత్తిన తాటాకు టోపీ, వెనక క్యారియరు మీద పాటల పుస్తకాల సంచీ. ఊరి బయట గొర్ల దొడ్లకు ఆనుకుని ఒక వెడల్పాటి బండ ఉంది. క్లబ్బు దాని మీదే. మొదట పాట, తర్వాత కథ, తర్వాత ఇంగ్లీషు, ఆఖరున ఆట. ఆ బండ మీద ఏ తాతల నాడో చెక్కిన పులి-మేక గీతలు ఉన్నాయి. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. పులులు ఎప్పుడూ దొరసానివి, వాటిని కదలకుండా కట్టేయాల్సిన మేకలు పిల్లలవి. పాట దగ్గరా కథ దగ్గరా దేవతలా ఉండే మనిషి, ఆ గీతల ముందు కూర్చోగానే మారిపోయేది.

ఆమె ఆయుధం తుమ్ము. గుండ్లపల్లిలో ఒంటి తుమ్ము వినపడితే చేసే పని ఆపాలి. చేయి వెనక్కి తీసుకుని, కళ్లు మూసుకుని, గొర్లకాపరుల దేవుడు బీరప్పను తలుచుకోవాలి. పిల్లలకు అది తల్లిపాలతో పట్టిన అలవాటు. దొరసాని ఆ సంగతి వచ్చిన రెండో వారమే కనిపెట్టింది. ఆట బిగువు మీద ఉన్నప్పుడు సరిగ్గా ఒక తుమ్ము తుమ్మేది. పిల్లలంతా కళ్లు మూసుకునేవారు. తెరిచేసరికి ఒక మేక తక్కువ ఉండేది, లేదా కట్టేసిన పులి రెండు గడులు దాటి హాయిగా కూర్చుని ఉండేది.

పిల్లలు కాపలాలు వేశారు. కుడిచేతికి ఇద్దరు, ఎడమచేతికి ఇద్దరు, టోపీకి ఒకరు. అయినా చింతగింజలు ఆమె బూటులో దొరికేవి. ఒకసారి ఏకంగా ఒక పులే మాయమైంది. ఊరంతా వెతికినంత పని చేసి చూస్తే, అది పాటల పుస్తకంలో నలభయ్యో పాట దగ్గర గుర్తుగా పడుకుని ఉంది.

"దొరసానీ, నువ్వు తొండి జేసినవ్," అని పిల్లలు మీదపడేవారు.

"ఏందీ? తెలుగుల ఫిర్యాదు నాకు వినపడదు," అనేది ఆమె. పొద్దుటి నుంచీ అందరితో తెలుగే మాట్లాడిన మనిషికి, ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి చెవుడు వచ్చేది. "ఇంగ్లీషుల చెప్పు, నీ మేకను నీకు ఇస్త. నేల దిక్కు చూసుకుంట చెప్పొద్దు. నేను గీడ ఉన్న, నేలల లేను."

దాంతో వానాకాలం పోయేసరికి గుండ్లపల్లి పిల్లలకు ఒక చిత్రమైన ఇంగ్లీషు వచ్చింది. చెట్టును ఏమంటారో, ఇంటిని ఏమంటారో సరిగా రాదు. కానీ "దట్ ఈజ్ మై గోట్," "ఐ సా యూ," "పుట్ ఇట్ బ్యాక్" మాత్రం నిద్రలో లేపినా వచ్చేవి. సర్కారు బడి అంజయ్య పంతులు ఒకరోజు ముచ్చటపడి, "దొరసాని ఏం నేర్పిందిరా, ఏదీ ఒక ముక్క చెప్పుండ్రి," అన్నాడు. పిల్లలంతా ఒక్క గొంతుతో, "పుట్ ఇట్ బ్యాక్," అని అరిచారు. పంతులు చేతిలోని చాక్‌పీసు తెలియకుండానే డబ్బాలో పెట్టేశాడు.

ఆ గుంపులో నోరు విప్పనిది ఒక్క బక్కమ్మే. గొర్ల బీరన్న పెద్దకూతురు, పదకొండేళ్లది. గొర్లతో పొద్దంతా మాట్లాడేది, వాటిని పేరుపేరునా తిట్టేది. పెద్దవాళ్లు ఎవరైనా ఎదురుపడితే మాత్రం మాట గొంతులోనే ఉండిపోయేది. ఊరి పటేలు దారిన వస్తుంటే రాయి చాటుకు పోయేది. ఆమెకు అక్షరాలు అందరికన్నా ముందే వచ్చాయి, దొరసాని తెచ్చిన మూడు పుస్తకాలూ చదివేసింది. కానీ ఆటలో దొరసాని ఆమె మేకలను ఒకటి కాదు, ఐదేసి ఎత్తేసేది. బక్కమ్మ పళ్లు బిగించి, తల దించుకుని ఓడిపోయేది. మర్నాడు మందలో గొర్లకు చెప్పుకునేది: "గా దొరసాని మస్తు తొండిది. నేను సూస్తనే ఉన్న."

తండ్రి బీరన్నకు మాత్రం దొరసాని మీద గురి. దానికీ ఒక కథ ఉంది. ఒక శనివారం ఆమె తప్పిపోయిన గొర్రె కథ చెప్పింది. నూరు గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే మిగతావాటిని వదిలి దానికోసం పోయాడని. దొడ్డి గోడకు ఆనుకుని వింటున్న బీరన్న ఆగలేకపోయాడు.

"దొరసానీ, తొంభైతొమ్మిదింటిని ఎవల మీద ఇడిసిపెట్టి పోయిండు?"

"అది రాసి లేదు బీరన్నా."

"తోడేలు వస్తే ఎట్ల? గిట్ల ఉరికేటోడు ఏం కాపరి?"

దొరసాని పుస్తకం మూసింది. "నీ ప్రశ్న మంచిదే. నాకు తెల్వదు," అంది.

బీరన్న ఇంటికి పోయి భార్య గుర్వమ్మతో, "తెల్వకుంటే తెల్వదనే చెప్పింది. గట్ల చెప్పేటోళ్లను నేను సూడలే," అన్నాడు. ఇంత నిజం చెప్పే మనిషి చింతగింజల దగ్గర ఎందుకు అట్లా చేస్తుందో బక్కమ్మకు అర్థం కాలేదు.

చలికాలంలో ఒక శనివారం బక్కమ్మ గెలుపు అంచున ఉంది. నాలుగు పులుల్లో మూడింటిని కట్టేసింది. దొరసాని తుమ్మింది. అందరూ కళ్లు మూశారు. బక్కమ్మ ఒక కన్నే మూసింది. తెల్లని చేయి ఒకటి నెమ్మదిగా వచ్చి మేకను పట్టుకుపోవడం రెండో కన్ను చూసింది.  బక్కమ్మ తల ఎత్తి, ఆ నీలి కళ్లలోకి సూటిగా చూసి, "నో, మిస్. ఐ సా యూ. పుట్ ఇట్ బ్యాక్," అంది.

దొరసాని మేకను తెచ్చి ఉన్నచోట పెట్టింది. బక్కమ్మ గెలిచింది. ఓడిపోయినందుకు దొరసాని మొహం వెలిగిపోవడం ఎవరికీ వింతగా తోచలేదు, అందరూ బక్కమ్మనే చూస్తున్నారు మరి.

ఆ ఎండాకాలం ముందు దొరసాని బీరన్న ఇంటికి వచ్చి బక్కమ్మ చదువు మాట ఎత్తింది. పాలమూరులో ఆడపిల్లల బడి ఉంది, పక్కనే హాస్టలు, ఈ ఏడు ఒకే ఒక్క జాగా ఖాళీ. బీరన్న గొంగడి సర్దుకుంటూ తేల్చి చెప్పాడు.

"ఒక్కపారి తోల్కపోత. జాగా ఇస్తే సదువుతది. ఇయ్యకుంటే మందతోని మేతకు కృష్ణ ఒడ్డుకు వస్తది. వచ్చే ఏడు లగ్గం జేస్త. మల్ల ఈ ముచ్చట ఎత్తొద్దు."

"ఎత్తను," అంది దొరసాని. బక్కమ్మకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

పరీక్ష నాడు పాలమూరు బడిలో ఎనిమిది మంది ఆడపిల్లలు గోడవారగా కూర్చున్నారు. పరీక్ష చేసే దశరథం సారు కళ్లద్దాల మీదుగా చూస్తే పెద్దవాళ్లే లేచి నిలబడేవారు. ఆయన రిజిస్టరులో పేరు చూసి పిలవడం, నాలుగు ప్రశ్నలు అడగడం, పంపడం. ఏడుగురు అయ్యారు. ఆయన పేజీ తిప్పి, ఖాళీగా కనిపించగానే రిజిస్టరు మూసేశాడు.

"అయిపోయింది. అందరు పోండి. ఎవరికి వచ్చిందో రేపు చెప్తం."

బక్కమ్మను పిలవనే లేదు. బీరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సర్కారు మనిషైనా బడి మనిషైనా, కుర్చీలో కూర్చున్నవాడిని అడగడం ఆయనకు తెలియదు. "పోదాం పా బిడ్డా. రాసిపెట్టి లేదు," అన్నాడు మెల్లగా.

బక్కమ్మ తోడు వచ్చిన దొరసాని వైపు చూసింది. ఆమె చెబుతుంది కదా, తప్పకుండా చెబుతుంది. దొరసాని బల్ల మీద కూర్చుని కిటికీలోంచి కాకిని చూస్తోంది. అంత శ్రద్ధగా కాకిని చూసినవాళ్లు పాలమూరు జిల్లాలోనే ఉండరు. బక్కమ్మకు ఒళ్లు మండింది. లేచి సారు బల్ల ముందుకు పోయింది.

"నో, సర్."

దశరథం సారు తల ఎత్తాడు. బక్కమ్మ దించలేదు.

"ఐ సా యూ. యూ టర్న్డ్ టూ పేజెస్. ప్లీజ్ గో బ్యాక్."

బీరన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సారు రిజిస్టరు తెరిచాడు. ఒక్క పేజీ వెనక్కి తిప్పాడు. రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి, వాటి మధ్య బక్కమ్మ పేరు ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది పిల్లల తప్పులు నేనే పట్టుకుంట వస్తున్న," అన్నాడు. "కూచో. ఏం చదివినవో చెప్పు."

ఆమె నిలబడే చెప్పింది. ఇరవై ప్రశ్నలు అడిగాడు. మర్నాటి దాకా ఆగకుండా అప్పుడే జాగా రాసేశాడు. "దీనికి ఇయ్యకుంటే హైదరాబాదు దాక పోయి కొట్లాడేటట్టుంది," అని బీరన్నతో అన్నాడు. బీరన్న నవ్వబోయి, గొంగడి కొంగుతో కళ్లు ఒత్తుకున్నాడు.

హాస్టలు వార్డెను మంజులత పేరు రాసుకుంటూ, "ఇంత ధైర్యం ఎక్కడ నేర్చినవే?" అని అడిగింది.

"ఈడితమ్మ దొరసాని తొండి జేస్తది. ఆమెతోని కొట్లాడి కొట్లాడి వచ్చింది."

మంజులత కలం ఆపేసింది. "ఎవలు? ఈడితమ్మనా? ఇక్కడ మిషన్ బంగ్లాల ఆమెతోని ఎవ్వరు ఆడరు తెలుసా. పోయిన క్రిస్మస్‌కు క్యారమ్స్ ఆడి గెలిచింది. అందరు భోజనాలకు కూచున్నంక వచ్చి, ‘నా మోచేయి బోర్డుకు తగిలింది, నా గెలుపు చెల్లదు’ అన్నది. మల్ల మొదటి నుంచి ఆడిచ్చింది. బిర్యానీ చల్లారిపోయింది. ఆమె తొండి జేసుడేంది?"

బక్కమ్మ కిటికీలోంచి చూసింది. బయట వేపచెట్టు కింద దొరసాని సైకిలు గొలుసు తుడుచుకుంటూ ఉంది. ఐదేసి మేకలు. ఎవరికీ ఒకటికి మించి తియ్యలేదు, తనకు మాత్రం ఐదేసి. బక్కమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి, నవ్వే గెలిచింది.

పెట్టె సర్దుకోవడానికి ఊరికి వచ్చిన శనివారం ఆమె ఆఖరుసారి క్లబ్బుకు పోయింది. ఆరేళ్ల నాగులమ్మ ఆ రోజే కొత్తగా ఆటకు కూర్చుంది. దొరసాని తుమ్మింది, మేక పోయింది. నాగులమ్మ ఎవరి వైపూ చూడలేక, బక్కమ్మ కొంగు పట్టుకుని గుంజింది.

"అక్కా, దొరసాని నా మేకను తీసింది. నువ్వు సూసినవ్ గదా. నువ్వు చెప్పు."

బక్కమ్మ చూసింది. మేక దొరసాని ఎడమచేతి కింద ఉంది, తోక కూడా కనిపిస్తోంది అన్నంత స్పష్టంగా. బక్కమ్మ తల తిప్పి, దొడ్డిలో గొర్లను లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"నేనేం సూడలే చెల్లె. సూసినదానివి నువ్వు, నువ్వే చెప్పు."