ఎలకలకు చోడి అంబలి

ఎలక మెడ విరవడం నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. తల వెనక రెండు వేళ్లతో నొక్కిపెట్టి, తోక పట్టుకుని ఒక్క లాగు లాగితే చాలు. పందొమ్మిది వందల అరవైల చివర, విజయనగరంలో, కాలేజీ వెనక పెంకుల షెడ్డులో చీర కొంగు బిగించి నేను చేసిన పరిశోధన అదే. చక్కెర జబ్బుకి పొడపత్రి ఆకు పనిచేస్తుందా లేదా అన్నది తేల్చాలి.

వేకువనే పంజరాల్లోంచి మేత తీసేసి మధ్యాహ్నం దాకా ఎలకలను మాడ్చాలి. బ్లేడుతో తోక కొస కోసి ఒక చుక్క నెత్తురు తీయాలి. ఆపైన పొట్టలోకి గ్లూకోజు నీళ్లు సూదితో ఎక్కించి, అరగంటకీ, గంటకీ, రెండు గంటలకీ మళ్లీ తోక పిండాలి. ఎక్కిన చక్కెర ఎంతసేపట్లో దిగుతోందో చూడాలి. కడుపు ఖాళీగా లేకపోతే మొదటి చుక్కే తప్పు చెబుతుంది, ఇక మిగతాదంతా దండగ.

నాకు రెండు విడతలు అలాగే తగలడ్డాయి. ఆకు రసం పట్టినవీ పట్టనివీ అన్నీ మొదటి చుక్కలోనే చక్కెర ఎక్కువ చూపించాయి. ఒళ్లు మండి, పళ్లు కొరుకుతూ అన్నిటినీ చంపేశాను. మూడోది కూడా పోతే పరిశోధన మానేసి ఇంటికి పొమ్మన్నారు మా మేష్టారు.

మూడో విడత నాడు మేత తీసేసి వెళ్లి, మామూలుకంటే పెందలాడే తిరిగొచ్చాను. షెడ్డు ఊడ్చే ముసలామె సిరాబుడ్డి మూతలో చోడి అంబలి, అంటే రాగి జావ, పోసి మొదటి పంజరంలో పెట్టబోతోంది. గజపతినగరం దగ్గరి రైతు ఇంటి మనిషి, మా అమ్మకంటే పెద్దది. మూత లాక్కుని చెంప మీద ఈడ్చి కొట్టాను. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"సంపీ జీవికి ఆకలి పెట్టకూడదమ్మా," అంది. "మా ఊళ్లో అమ్మోరికిచ్చీ మేకకైనా మేత పెట్టాకే కత్తి ఎత్తుతారు."

నీ అంబలి వల్లే రెండు విడతల ఎలకలు చచ్చాయని అరిచాను. నీ జాలి తగలెయ్య అన్నాను. ఆమె పెదవి తుడుచుకుని పక్కన కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఏ పంజరం జోలికీ పోలేదు.

ఆ రోజు లెక్క కుదిరింది. ఆకు పట్టినవాటిలో చక్కెర ముందే దిగింది. ఎగిరి గంతేయాలనిపించింది. ఇక క్లోమం కోసి చూడాలి గనక మొదటి ఎలకను చేతిలోకి తీసుకున్నాను. ముసలామె నా మణికట్టు పట్టుకుంది.

"తిన్నవాటినీ సంపినావు. మాడినవాటినీ సంపుతన్నావు. మరి నానేటి తప్పు సేసినానమ్మా?"

ఆమె చెంప మీద నా నాలుగు వేళ్లూ తేలి ఉన్నాయి. నాకు సిగ్గేసింది. ఎలకను దించి, ఆమె ముంతలో మిగిలిన అంబలి నేనే మూతలో పోసి పెట్టాను. తోకలు నెత్తురోడుతూనే గబగబా తిన్నాయి. తినడం అయ్యేదాకా ఇద్దరం నిలబడ్డాం.

తర్వాత మళ్లీ మొదటిదాన్ని పట్టుకున్నాను. మెడ సరిగ్గా విరగక, రెండోసారి లాగాను.