పచ్చి పీచ్ కాయల బుట్ట

ఈ రోజు ఇక్కడ ఇంగ్లండ్‌లో, స్విండన్ దగ్గర ఒక పళ్ల తోటకి వెళ్లాం. మనమే కోసుకుని, తూకం వేయించుకుని తెచ్చుకోవాలి. ఈ ఏటికి ఇదే ఆఖరి రోజు. నేను బ్లాక్‌బెర్రీలు కోస్తుంటే, మా ఆవిడ పీచ్ చెట్ల దగ్గర పళ్లన్నీ వదిలేసి రాళ్లలాంటి పచ్చికాయలతో బుట్ట నింపింది. మంచి మామిడికాయలు దొరక్క ఈసారి మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. వేసవంతా ఆవిడకి అదే వెలితి.

తూకం దగ్గర తోట యజమానురాలు, పెద్దావిడ, బుట్ట చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇవి ఇంక పండవమ్మా. ఇలాంటివి అమ్మితే మా తోట పేరు పోతుంది."

"మాకు పండక్కర్లేదండీ. పచ్చడికి."

"చట్నీకైనా పండాలిగా!" ఆవిడ లెక్కలో చట్నీ అంటే పళ్లతో చేసే తియ్యటిది.

మా ఆవిడ బల్ల మీది చాకుతో ఒక కాయ కోసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఉప్పూ కారం కలిపిన డబ్బీ తీసి, ముక్క అద్ది పెద్దావిడ చేతికిచ్చింది. అంటే పచ్చికాయల సంగతి ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరిందన్నమాట.

పెద్దావిడ నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు భయం వేసింది. ఆవిడ ముక్కు తుడుచుకుని, "ఇంకో ముక్క ఇవ్వు," అంది.

ఒక సీసా పచ్చడి తెచ్చివ్వాలన్న షరతు మీద బుట్ట మాకిచ్చింది.

ఇప్పుడు ఇల్లంతా ఆవపిండి వాసన. ఆ సీసాలో కాస్త కారం తగ్గించమన్నాను.

"ఇంకో ముక్క అడిగింది ఆవిడ, మీరు కాదు," అంది మా ఆవిడ.

నా బ్లాక్‌బెర్రీలు నేను తింటూ కూర్చున్నాను. మీరైతే కారం తగ్గిస్తారా?